తిన్న అన్నం ఎక్కడ మండుతుంది?

గోదావరిఖనిలో తవ్విన బొగ్గుకు ధర కట్టేది గ్రేడును బట్టి. నమూనాను మెత్తగా నూరి, ల్యాబులో మండించి, ఎంత వేడి వచ్చిందో కొలుస్తారు. కిలోకు 4001 నుంచి 4300 కిలోకేలరీల దాకా వస్తే జీ-11, అది దాటితే జీ-10. ఇప్పుడు ఆ బొగ్గు తీయడానికి ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరిన మనిషి టిఫిన్ బాక్సు సంగతి చూద్దాం. అందులోని అన్నం నిన్నటిదాకా బియ్యం. కిలో బియ్యం నుంచి మన ఒంటికి అందేది దాదాపు 3500 కిలోకేలరీలు. బొగ్గు లెక్కన గ్రేడు వేయాల్సి వస్తే బియ్యం జీ-13లో పడుతుంది. గని బాయిలోంచి పైకొచ్చే నల్లరాయికీ, బాయిలోకి దిగే తెల్లన్నానికీ వేడి లెక్కలో తేడా ఇంతే.

మరి వింత ఎక్కడుందంటే, ఆ బొగ్గు రామగుండం ఎన్టీపీసీ బాయిలర్లలో మండేటప్పుడు మంట వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. అన్నం మాత్రం 37 డిగ్రీల ఒంట్లో, తడిలో, పొగ లేకుండా, మంట లేకుండా తన శక్తి ఇచ్చేస్తుంది. మనిషి ఊరికే కూర్చున్నా అతని ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి పోతూనే ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జనం మూడున్నర కోట్లు. అంతా ఒకేసారి కాళ్ళు చాపుకుని కూర్చున్నా వాళ్ళు వదిలే వేడి 3500 మెగావాట్లు. రామగుండం ఎన్టీపీసీ పాత ఏడు యూనిట్ల మొత్తం సామర్థ్యం 2600. ఒకటి వేడి, మరొకటి కరెంటు, నిజమే. అయినా చిన్న లెక్క కాదు.

అన్నమూ బొగ్గూ ఒకటేనా?

పుట్టుక ఒకటే. వరి ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడును, వేళ్ళు తెచ్చిన నీటిని తీసుకుని ఎండ బలంతో గ్లూకోజ్ తయారు చేస్తుంది. అలా చేసేటప్పుడు నీటినుంచి ఆక్సిజన్‌ను విడదీసి బయటికి వదిలేస్తుంది. ఆకు చేసిన పనిలో కీలకం ఈ విడదీయడమే. కార్బన్, హైడ్రోజన్ ఒక పక్క, ఆక్సిజన్ ఒక పక్క అయ్యాయి. మళ్ళీ ఎప్పుడు, ఎక్కడ కలిసినా, విడదీయడానికి పట్టినంత శక్తినీ తిరిగి ఇచ్చేస్తాయి. కలయిక పొయ్యిలో జరిగితే మంట, కణంలో జరిగితే శ్వాసక్రియ.

ఇక బొగ్గు. గోదావరి లోయలోని బొగ్గు పొరలు పెర్మియన్ యుగానివి, పాతిక కోట్ల ఏళ్ళు దాటినవి. అప్పుడిక్కడ చిత్తడి అడవులుండేవి. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు గోండ్వానా అని పిలిచే ఈ పొరల రాళ్ళలో నేటికీ దొరుకుతాయి. మామూలు అడవిలో చెట్టు పడిపోతే బూజులు, బాక్టీరియాలు, చెదలు దాన్ని తినేస్తాయి. తినడమంటే కార్బన్‌ను మళ్ళీ ఆక్సిజన్‌తో కలపడమే. కొన్నేళ్ళలో చెట్టంతా గాలిలో కలిసిపోతుంది. చిత్తడిలో పడ్డ చెట్టుకు ఆ గతి పట్టలేదు. బురదనీటి అడుగున ఆక్సిజన్ లేదు. తినేవాళ్ళున్నా సగం తిని ఆగిపోయారు. పైన ఇసుక, మట్టి పేరుకుని, బరువుకూ వేడికీ అది బొగ్గయింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ రావడం, 1920లో అది సింగరేణి కాలరీస్ కావడం, అన్నీ ఆ మిగిలిపోయిన తిండి కోసమే. శ్వాసక్రియ సగంలో ఆగిపోయిన అడవిని తవ్వి తెచ్చి, ఆ మిగతా సగం మనం బాయిలర్లలో పూర్తి చేస్తున్నాం.

మంట లేకుండా ఎలా మండుతుంది?

18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో శాస్త్రవేత్తలు లవోజియే, లాప్లాస్ కలిసి ఒక గినీ పందిని మంచుగడ్డలు పేర్చిన పాత్రలో కూర్చోబెట్టారు. అది వదిలిన కార్బన్ డయాక్సైడు ఎంతో, దాని ఒంటి వేడికి కరిగిన మంచు ఎంతో కొలిచారు. బొగ్గును మండించి అదే కొలత తీశారు. రెండు లెక్కలూ దగ్గరగా వచ్చాయి. శ్వాస అంటే నెమ్మదిగా జరిగే దహనమేనని లవోజియే తేల్చాడు. ఆ మాట ఈ నాటికీ నిలిచింది. ఆ దహనం ఊపిరితిత్తుల్లోనే జరుగుతుందని ఆయన అనుకున్నాడు, అది మాత్రం నిలవలేదు. ఊపిరితిత్తులు గాలి మార్చుకునే చోటు మాత్రమే. మండేది ఒంట్లో ప్రతి కణంలోనూ.

మంట అంటే గని షాఫ్టులోకి, నిట్టనిలువు గోతిలోకి, ఒక్కసారిగా పడిపోవడం. కణంలో జరిగేది ఇంక్లైన్‌లో, అంటే గని వాలు దారిలో, మెట్టు మెట్టూ దిగడం. పైనుంచి అడుగు దాకా లోతు రెండిటికీ ఒకటే, కాబట్టి విడుదలయ్యే మొత్తం శక్తి కూడా ఒకటే. 180 గ్రాముల గ్లూకోజ్‌ను పొయ్యిలో వేసినా కణాల్లో వేసినా వచ్చేది 686 కిలోకేలరీలే. ఒక్కసారిగా పడితే అంతా వేడిగా పోతుంది. మెట్లు దిగితే, దిగే ప్రతి చోటా కాస్త కాస్త శక్తిని పట్టి దాచుకోవచ్చు. ఒక్కో మెట్టుకూ ఒక్కో ఎంజైము కాపలా. అంత వేడి అవసరం లేకుండా పోయింది ఎంజైముల వల్లే.

మొదటి పది మెట్లు కణద్రవంలో ఉంటాయి. ఆరు కార్బన్ల గ్లూకోజ్ రెండుగా విరిగి, మూడేసి కార్బన్ల పైరువిక్ ఆమ్లం అవుతుంది. ఈ భాగాన్ని గ్లైకాలసిస్ అంటారు. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు. ఆక్సిజన్ అక్కర్లేదు కాబట్టే ఫలితమూ తక్కువ. ఇక్కడ నికరంగా మిగిలేది రెండు ఏటీపీ అణువులు. ఏటీపీ ఏమిటో కాసేపట్లో వస్తుంది.

తరువాతి కథంతా కణం లోపలే ఉండే మైటోకాండ్రియాలో. పైరువిక్ ఆమ్లం లోపలికి వెళ్ళి ఒక కార్బన్ కోల్పోతుంది. మిగిలిన రెండు కార్బన్లూ ఒక వలయంలో తిరుగుతూ ఊడిపోతాయి. ఆ వలయాన్ని 1937లో హాన్స్ క్రెబ్స్ గుర్తించాడు. నాజీ జర్మనీ నుంచి ఇంగ్లండుకు వచ్చిన శరణార్థి ఆయన. ‘నేచర్’ పత్రిక ఆయన లేఖను వేసుకోలేదు. 1953లో నోబెల్ బహుమతి ఆ వలయానికే వచ్చింది. మీరు ఈ క్షణం వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు ఈ మెట్ల మీద ఊడిపడిన కార్బనే, నిన్నా మొన్నా తిన్న అన్నంలోని కార్బన్.

ఈ మెట్లలో ఒక్కటి విరిగినా ఏమవుతుందో మన తెలుగు నేల చూసింది. పైరువిక్ ఆమ్లం వలయంలోకి వెళ్ళే గుమ్మం దగ్గరి ఎంజైముకు థయమిన్, అంటే బీ-1 విటమిన్ కావాలి. అది ఎక్కువగా ఉండేది తవుడులో. మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి జబ్బు ఉత్తర సర్కారు జిల్లాల్లో పాతుకుపోయింది, తమిళ జిల్లాల్లో అంతగా కనబడలేదు. కారణం బియ్యమే. సర్కారు జిల్లాల వాళ్ళు మరపట్టిన పచ్చిబియ్యం తినేవాళ్ళు, అటువాళ్ళు ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తరువాత మరపట్టినా అంతా పోదు. పెద్దపల్లి జిల్లా మిల్లుల్లో ఇప్పుడు ఆడిస్తున్న బాయిల్డ్ రైస్ అదే. దక్కన్ పీఠభూమి మీద మరో జబ్బు, పెల్లగ్రా. జొన్నలే ఆధారంగా బతికిన పేదల్లో వచ్చేది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960ల్లో దీని మీద పెద్ద పరిశోధనే చేశారు. అది నియాసిన్ లోపం. గ్లూకోజ్ నుంచి ఊడిన హైడ్రోజన్‌ను మోసుకుపోయే అణువు నియాసిన్‌తోనే తయారవుతుంది. అందుకే తిండి కడుపులో పడుతున్నా అందులోని శక్తి చేతికి రాదు. విటమిన్ మాత్ర మింగితే బలం వస్తుందని ఊళ్ళో అనుకుంటారు గానీ, విటమిన్లో బలమేమీ లేదు. అన్నంలోని బలాన్ని బయటికి తీసే పనిముట్టు అది.

పీల్చిన ఆక్సిజన్ ఏమవుతుంది?

ఈ ప్రశ్న పదో తరగతి పిల్లలనే కాదు, చదువుకున్న పెద్దలను అడిగినా నూటికి తొంభై మంది చెప్పేది ఒకటే: కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా బయటికి వస్తుంది. బొగ్గు విషయంలో అది నిజం. కణంలో నిజం కాదు. మనం వదిలే కార్బన్ డయాక్సైడులోని ఆక్సిజన్ అన్నంలోంచి, ఒంటి నీటిలోంచి వచ్చింది. పీల్చిన ఆక్సిజన్ నీరవుతుంది. అలా పుట్టే నీరు రోజుకు పెద్ద గ్లాసెడు, సుమారు 300 మిల్లీలీటర్లు.

ఎలాగంటే, మెట్లు దిగేటప్పుడు గ్లూకోజ్ నుంచి ఊడిన హైడ్రోజన్లు మైటోకాండ్రియా లోపలి పొరకు చేరతాయి. అక్కడ వాటి ఎలక్ట్రాన్లు ఒక ప్రొటీన్ నుంచి మరో ప్రొటీన్‌కు చేతులు మారుతూ దిగుతాయి. దిగే కొద్దీ వచ్చే శక్తితో ఆ ప్రొటీన్లు ప్రోటాన్లను పొర అవతలికి తోస్తాయి. చివరికి అలసిపోయిన ఎలక్ట్రాన్లను అందుకునేది ఆక్సిజన్. అది ఎలక్ట్రాన్లనూ ప్రోటాన్లనూ కలుపుకుని నీరవుతుంది. ఆక్సిజన్ పని అంతే, చివర నిలబడి అందుకోవడం. ఆ చివరి చెయ్యి లేకపోతే పైన వరుసంతా నిలిచిపోతుంది. నిమిషాల్లో ప్రాణం పోయేది అందుకే.

పొర అవతల పోగుపడ్డ ప్రోటాన్లు తిరిగి లోపలికి రావాలని తోసుకుంటాయి. పొర మందం ఆరేడు నానోమీటర్లు, దాని రెండు పక్కల మధ్య తేడా వోల్టులో ఆరో వంతో అయిదో వంతో. చిన్నదే అనిపిస్తుంది. మీటరు మందానికి లెక్క కడితే రెండున్నర, మూడు కోట్ల వోల్టులు తేలుతుంది. ప్రోటాన్లు లోపలికి రావడానికి ఉన్న దారి ఒక ప్రొటీన్ చక్రం గుండా. అవి దూరినప్పుడల్లా చక్రం తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా ఏటీపీ తయారవుతుంది. ఇది ఉపమానం కాదు, నిజంగానే గిర్రున తిరుగుతుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దానికి మెరిసే పోగు ఒకటి అతికించి, అది తిరగడం సూక్ష్మదర్శినిలో కళ్ళారా చూశారు. ఎన్టీపీసీ టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు, అంటే సెకనుకు 50. ఈ చక్రం సెకనుకు వంద చుట్లు దాటగలదు. ప్రోటాన్ల తోపుడే ఏటీపీని చేస్తుందని 1961లో పీటర్ మిచెల్ అన్నప్పుడు తోటి శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది నమ్మలేదు. నోబెల్ రావడానికి 1978 దాకా పట్టింది.

పుస్తకాల్లో ఒక గ్లూకోజ్‌కు 38 ఏటీపీలని రాసి ఉంటుంది. పరీక్షకు అదే రాయండి. పొరలోంచి ప్రోటాన్లు కారిపోయే నష్టాలు కలిపి నేటి లెక్క 30 నుంచి 32. దాచుకోలేని మిగతా శక్తి వేడిగా పోతుంది.

ఏటీపీ ఎవరి సొమ్ము?

ఒంట్లో ఏ పనికైనా, కండ బిగియడానికైనా, నరం మాట మోయడానికైనా, కణం నేరుగా వాడేది ఏటీపీని. మూడు ఫాస్ఫేట్లు వరసగా తగిలించిన చిన్న అణువు. చివరి ఫాస్ఫేట్ ఊడితే శక్తి వస్తుంది, మళ్ళీ తగిలించడానికి అన్నం కావాలి. ఏ క్షణాన చూసినా మన ఒంట్లో ఉండే ఏటీపీ దాదాపు 50 గ్రాములే. రోజంతా ఊడి, అతికి, ఊడి, అతికి తిరిగే ఏటీపీని కూడితే మన ఒంటి బరువుకు దగ్గరగా వస్తుంది.

దీన్ని కనిపెట్టినవాళ్ళలో మన భీమవరం మనిషి ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు, పుట్టింది 1895లో. మద్రాసులో వైద్యం చదివి 1923లో బోస్టన్ చేరాడు. హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి, రక్తంలోనూ కండలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి కట్టాడు. ద్రవం నీలంగా మారుతుంది, నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో నేటికీ ల్యాబుల్లో నేర్పుతారు. తరువాత కండనుంచి తీసిన రసాన్ని కొలవబోతే నీలం ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా ముదిరింది. ఇంకొకరైతే కొలత తప్పిందని పారబోసేవాళ్ళేమో. వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. రసంలో ఫాస్ఫరస్‌ను వదులుగా పట్టుకుని, నెమ్మదిగా విడిచిపెడుతున్న పదార్థం ఏదో ఉందన్నమాట. అదే 1927లో బయటపడ్డ ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్నే కనిపెట్టాడు.

సుబ్బారావు పేరెత్తగానే మనవాళ్ళు ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ అంటారు. అవి తక్కువవని కాదు. కానీ నన్నడిగితే, లోకంలోని ప్రతి ప్రాణి ప్రతి క్షణం వాడే వస్తువు మీద పేరున్న మనిషిని ఒక మందు పేరుతో గుర్తు పెట్టుకోవడం కాస్త అన్యాయమే.

ఆయన కనిపెట్టిన ఏటీపీకీ, ఫాస్ఫోక్రియాటిన్‌కూ పని ఏమిటో పార ఎత్తిన కార్మికుడి కండలో చూడొచ్చు. మొదటి రెండు మూడు సెకన్లు అప్పటికే ఉన్న ఏటీపీ సరిపోతుంది. ఆపై పది సెకన్ల దాకా ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఏటీపీకి అరువిచ్చి ఆదుకుంటుంది. ఆలోగా గ్లైకాలసిస్ ఊపందుకుంటుంది. మైటోకాండ్రియా పూర్తిగా అందుకోవడానికి ఇంకో నిమిషమో రెండు నిమిషాలో.

గాలి సరిపోకపోతే?

మైటోకాండ్రియా అందుకోలేనంత వేగంగా పని చేస్తే, పైరువిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. మారితేనే గ్లైకాలసిస్ ఆగకుండా నడుస్తుంది, రెండేసి ఏటీపీలైనా వస్తాయి. పని ఆపాక కూడా కొంతసేపు రొప్పుతాం, ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్ మళ్ళీ నిండాలి, లాక్టిక్ ఆమ్లాన్ని కాలేయం తిరిగి గ్లూకోజ్ చెయ్యాలి, వీటన్నిటికీ ఆక్సిజన్ కావాలి. మర్నాడు ఒళ్ళు నొప్పులకు కూడా లాక్టిక్ ఆమ్లమే కారణమని చాలామంది అంటారు. గంటా రెండు గంటల్లో అది రక్తంలోంచి పోతుంది. మర్నాటి నొప్పి కండ పోగుల్లో పడిన సన్నని చీలికలది.

ఈ గాలిలేని పద్ధతి మీద బతకగలిగేవీ ఉన్నాయి. తాటికల్లు లొట్టిలో నురగ కట్టేది ఈస్టు చక్కెరను సగం దారిలో ఆపి ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడుగా చేయడం వల్ల. చక్కెరలోని శక్తిలో ఎక్కువ భాగం ఆ ఆల్కహాల్‌లోనే ఉండిపోతుంది, అది మండుతుంది కూడా. మన ఒంట్లో ఇంకా వింత ఎర్ర రక్తకణం. ఆక్సిజన్ మోసేది అదే, దానికి మైటోకాండ్రియా మాత్రం లేవు. ఇరవై నాలుగు గంటలూ ఆక్సిజన్ మోసుకుంటూ, తాను మాత్రం ఆక్సిజన్ వాడకుండా బతుకుతుంది.

ఒక్కో మనిషికి నిమిషానికి ఆరు వేల లీటర్ల గాలి ఎందుకు?

బొగ్గు గనుల నిబంధనల్లో ఇలా ఉంటుంది: ఎక్కువ మంది పనిచేసే షిఫ్టును లెక్కలోకి తీసుకుని ఒక్కో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజుకు తీసే ప్రతి టన్నుకు నిమిషానికి రెండున్నర ఘనపు మీటర్లు, ఏది ఎక్కువైతే అంత గాలి పంపాలి. గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడు అర శాతం దాటకూడదు. కూర్చున్న మనిషి నిమిషానికి వాడేది పావు లీటరు ఆక్సిజన్, ఒళ్ళు వంచి పని చేస్తే రెండు లీటర్లు, మహా అయితే మూడు. ఆరు వేల లీటర్ల గాలిలో ఆక్సిజన్ 1200 లీటర్లకు పైనే. మరి అంత ఎందుకు?

ఎందుకంటే బాయిలో గాలి పీల్చేది మనిషి ఒక్కడే కాదు. బొగ్గు కూడా పీలుస్తుంది. పాతిక కోట్ల ఏళ్ళ క్రితం సగంలో ఆగిన పని, గాలి తగలగానే మళ్ళీ మొదలవుతుంది. బొగ్గు ఉపరితలం మామూలు వేడిలోనే ఆక్సిజన్‌ను పట్టుకుని, కొద్దికొద్దిగా వేడెక్కుతూ, కార్బన్ డయాక్సైడును, కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. మీథేన్ వేరే వస్తూ ఉంటుంది. వీటన్నిటినీ పలచబరచాలి, దుమ్మునూ వేడినీ ఊడ్చుకుపోవాలి. మెయిన్ ఫ్యాను ఆగకూడదనేది అందుకే.

బొగ్గు తీసేశాక వదిలేసిన గోఫ్‌లో అసలు చిక్కు. అక్కడ మిగిలిపోయిన బొగ్గుకు గాలి కాస్త కాస్త అందుతుంది, పుట్టిన వేడి బయటికి పోవడానికి మాత్రం సరిపోదు. వేడెక్కిన కొద్దీ ఆక్సీకరణం వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే మంట అంటుకుంటుంది. ఇది బొగ్గుకే ప్రత్యేకం అనుకోకండి. పెద్దపల్లి జిల్లాలో యాసంగి వడ్లు వానకు తడిసి కుప్పల్లో ఉండిపోతే చెయ్యి లోపలికి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. గింజ ప్రాణమున్నది, తేమ అందగానే దాని శ్వాసక్రియ పెరుగుతుంది. బూజులు తోడవుతాయి. గింజ రంగు మారి ముక్క కంపు కొడుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదనే నిబంధన వెనక ఉన్నది ఈ శ్వాసే. రైతుకు అది తూకం దగ్గర పెట్టే పేచీగా కనిపిస్తుంది, అతని కష్టం అతనిది.

మన ఒంట్లో ఇలా ఎందుకు అదుపు తప్పదు? కణంలో బ్రేకు ఉంది. ఏటీపీ ఖర్చయితేనే కొత్తది తయారయ్యే అవకాశం, తయారైతేనే ప్రోటాన్లు లోపలికి వచ్చే అవకాశం, అవి వస్తేనే ఎలక్ట్రాన్లు ముందుకు కదిలే అవకాశం. పని లేకపోతే వరుసంతా దానంతటదే నెమ్మదిస్తుంది. బొగ్గుకు అలాంటి బ్రేకేదీ లేదు.

గోఫ్ లోపల ఏం జరుగుతోందో దాన్ని మూసిన గోడ బయటినుంచి తెలుసుకునే లెక్క ఒకటి ఉంది. అక్కడినుంచి వచ్చే గాలిలో ఎంత ఆక్సిజన్ తగ్గిందో, ఎంత కార్బన్ మోనాక్సైడు పుట్టిందో కొలిచి, రెండోదాన్ని మొదటిదానితో భాగించి నూరుతో హెచ్చిస్తారు. దాన్ని గ్రాహం నిష్పత్తి అంటారు. ఒకటికి చేరితే లోపల వేడెక్కుతున్నట్టే, రెండు దాటితే ప్రమాదం, మూడు దాటితే లోపల మంట ఉన్నట్టే. శరీరశాస్త్రంలో దీనికి అన్నదమ్ముల వంటి లెక్క శ్వాస భాగఫలం, వదిలిన కార్బన్ డయాక్సైడును వాడిన ఆక్సిజన్‌తో భాగిస్తారు. ఒకటి వస్తే ఒళ్ళు అన్నాన్ని మండిస్తోంది, 0.7 దగ్గరుంటే కొవ్వును. గోఫ్ ఏం చేస్తోందో, మనిషి దేన్ని కరిగిస్తున్నాడో రెండూ ఊపిరి చూసి చెప్పేయొచ్చు.

చెమట ఎందుకు సరిపోదు?

కండ చేసే పని, తిన్న శక్తిలో పావు వంతుకు మించదు. మిగతాదంతా వేడి. రామగుండం ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊరు, అక్కడ ఒంటి వేడి బయటికి పోవడానికి మిగిలిన దారి చెమట ఆరడం ఒక్కటే. లీటరు చెమట ఆరితే 580 కిలోకేలరీలు తీసుకుపోతుంది. కారిపోతే ఏమీ తీసుకుపోదు. బాయిలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి చెమట కారుతుందే గానీ ఆరదు. అందుకే గనుల్లో మామూలు థర్మామీటరు కన్నా తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు మాటకు విలువ ఎక్కువ. అది 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం మీటరు వేగంతో కదులుతూ ఉండాలి.

ప్రాణం మీదికి వచ్చినా ఒంటికి ముందే ఎందుకు తెలియదు?

ఊపిరాడక రొప్పడానికి కారణం ఆక్సిజన్ తగ్గడం అనుకుంటాం. 1905లో శాస్త్రవేత్తలు హాల్డేన్, ప్రీస్ట్‌లీ తేల్చింది వేరు. ఊపిరిని నడిపేది ప్రధానంగా రక్తంలోని కార్బన్ డయాక్సైడు. అది పెరిగితే రొప్పు వస్తుంది. అది పెరగకుండా ఆక్సిజన్ ఒక్కటే తగ్గితే ఒళ్ళు పెద్దగా గోల చేయదు, మనిషి నిలుచున్న చోటే కూలిపోతాడు. బొగ్గు ఆక్సిజన్ తాగేసి నైట్రోజన్ మిగిల్చిన పాత గ్యాలరీల్లో ప్రమాదం అదే, వాడకుండా వదిలేసిన వ్యవసాయ బావుల్లోనూ అదే. సేఫ్టీ ల్యాంపు మంట ఆక్సిజన్ 16, 17 శాతం దగ్గర ఆరిపోతుంది. మనిషి అప్పటికింకా నిలబడే ఉంటాడు. దీపం ఆరిందంటే వెనక్కి తిరగాల్సిందే.

కార్బన్ మోనాక్సైడు ఇంకా మోసగత్తె. రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, కణాలకు ఆక్సిజన్ చేరనివ్వదు. మైటోకాండ్రియాలో ఆక్సిజన్ అందుకునే చివరి ఎంజైమును కూడా అడ్డుకోగలదు. 1890ల్లో బ్రిటన్ గనుల్లో పేలుళ్ళ తరువాత చనిపోయినవాళ్ళను పరీక్షించిన హాల్డేన్, వాళ్ళలో చాలామందిని చంపింది పేలుడు కాదు, తరువాత వచ్చిన ఈ వాయువేనని చూపించాడు. ఒంట్లో మంట తిన్నగా పని చేయాలంటే ఆక్సిజన్ వేగంగా అందాలి, చిన్న ప్రాణులకు అది మరీ వేగంగా కావాలి. పంజరంలో పిట్టను తీసుకుపోవాలని ఆయన చెప్పింది అందుకే, పిట్ట మనిషికన్నా ముందు తూలుతుంది.

రెస్క్యూ టీం వాళ్ళు వీపున మోసే పరికరం ఈ శరీరధర్మం మీదే పనిచేస్తుంది. మనం వదిలే ఊపిరిలో ఇంకా 16 శాతం ఆక్సిజన్ ఉంటుంది, పారేయడం వృథా. అందుకే వదిలిన గాలిని బయటికి పోనివ్వకుండా, అందులోని కార్బన్ డయాక్సైడును మాత్రం రసాయనంతో పీల్చేసి, తగ్గిన ఆక్సిజన్‌ను చిన్న సిలిండరు నుంచి కలిపి మళ్ళీ అందిస్తారు. అలా నాలుగు గంటలు పని చేయొచ్చు. కార్మికుడి నడుముకుండే సెల్ఫ్ రెస్క్యూయర్లు రెండు రకాలు. ఒకటి కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మార్చి పంపే వడపోత, ఇది ఆక్సిజన్ ఇవ్వదు. రెండోదాంట్లో పొటాషియం సూపరాక్సైడు ఉంటుంది. మనిషి వదిలిన ఊపిరిలోని తేమ, కార్బన్ డయాక్సైడు తగిలితే అది ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. ఎంత రొప్పితే అంత ఇస్తుంది. రెండు రకాల్లోనూ జరిగే చర్య వేడి పుట్టిస్తుంది కాబట్టి లోపలినుంచి వచ్చే గాలి నోటికి వేడిగా, పొడిగా తగులుతుంది. వేడి తగులుతోందంటే డబ్బా పనిచేస్తున్నట్టే. తాజా గాలి ఉన్న చోటికి చేరేదాకా మౌత్‌పీస్ తీయొద్దని శిక్షణలో చెప్పేది అందుకే.